తడికుక్క చెట్టుకి దొంగ కావాలి

సాన్ ఉబాల్దో అనే కొండ ఊళ్ళో బ్యాంకు లేదు, పోలీసు ఠాణా లేదు. కాపలా అంటే ఏమిటో చూడాలంటే లూస్మిలా పస్మీన్యో పెరడు చూడాలి. నలభై ఆరేళ్ళలో ఆ పెరట్లోంచి ఒక్క కొమ్మ దొంగతనంగా బయటికి పోలేదు. కంచెకి ముళ్ళతీగ, ముళ్ళతీగకి ఖాళీ చేపల డబ్బాలు, డబ్బాల వెనక కర్నల్ అనే మగ పెద్దబాతు, బాతు వెనక లూస్మిలా. ఈ నాలుగింట్లోనూ మెత్తనిది ముళ్ళతీగే.

ఇంత కాపలా ఒక చెట్టుకి. చెట్టనడం కూడా ఎక్కువే, మనిషెత్తు పొద. వంకాయ, టమాటా, ఉమ్మెత్త అన్నిటిదీ ఒకటే వంశం కదా, ఆ వంశంలో పెళ్ళిళ్ళకి ఎవరూ పిలవని దూరపు చుట్టం లాంటిది ఇది. ఆకులకి ఊదారంగు నూగు, గంటల్లా వేలాడే చిన్న చిన్న పూలు, మొనదేలిన పచ్చికాయలు. ఏడాదంతా మబ్బులో తడుస్తూ ఉంటే తప్ప బతకదు. ఆకు నలిపితే వానలో నానొచ్చిన కుక్క వాసన. అందుకే దాన్ని తడికుక్క అంటారు. అంతకంటే మర్యాదైన పేరు ఎవరూ పెట్టలేదు, అదీ అడగలేదు.

ఆకుని పొయ్యి సెగకి చూపించి, వేడివేడిగా వాచిన మోకాలికి కడితే వాపు దిగుతుంది. పది నెలలు రబ్బరు బూట్లలో నానిన కాలివేళ్ళు ఒరిసిపోతే దాని కషాయంతో కడుక్కుంటారు. తాగకూడదు. ఎందుకు తాగకూడదో చెప్పడానికి ఊళ్ళో హిలారియో అనే ఆయన ఉన్నాడు. వయసులో ఉన్నప్పుడు పందెం కాసి ఒక గ్లాసు తాగి, రెండు రోజులపాటు కంచరగాడిదని అత్తగారనుకుని దీవించమని కాళ్ళ మీద పడ్డాడు. అసలు అత్తగారు ఆ రెండు రోజులూ పక్కనే నుంచుని చూసింది. తన వంతు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసి ఎదురుచూసి, పాపం, పదేళ్ళకి పోయింది.

ఆకు ఎవరడిగినా లూస్మిలా ఇస్తుంది. ముందు ఓ పావుగంట తిట్టి ఇస్తుంది. "మళ్ళీ వచ్చావా? నీ మోకాళ్ళు కాదు, నీ తిండి తగ్గించు" అంటూ తనే వేడిచేసి, తనే కట్టి, ఎప్పుడు విప్పాలో చెప్పి పంపిస్తుంది. జనం రావడం తనకిష్టం లేదని జనం వచ్చినప్పుడల్లా చెబుతుంది. ఒక వారం ఎవరూ రాకపోతే మాత్రం కంచె దగ్గర నుంచుని దారిన పోయేవాళ్ళ నడక చూసి, "ఏం, కుంటుతున్నావ్?" అని కేకేస్తుంది. ఆకు వరకూ సరే. కొమ్మ మీద చెయ్యి వేస్తే మాత్రం ఆ చెయ్యికే కట్టు కట్టుకోవాలి.

ఎందుకంటే ఈ కొండల్లో ఇచ్చిన మొక్క నాటుకోదు. ఇది అందరికీ తెలిసిన విషయం, చర్చి ఫాదరుకి తప్ప. ఇచ్చిన మొక్క అలుగుతుంది, నన్ను వదిలించుకున్నారు చూడు అని. ఎత్తుకొచ్చిన మొక్కకి గర్వం. నాకోసం ఒకడు గోడ దూకాడు, తిట్లు తిన్నాడు, వీపు విమానం మోత మోగించుకున్నాడు అని మురిసిపోయి వేళ్ళు వదులుతుంది. అలాగని చూసీ చూడనట్టు ఊరుకోకూడదు. ఊరుకుంటే ఇచ్చినట్టే. మొక్కగలవాళ్ళు నిజంగా కాపలా కాయాలి, దొరికితే నిజంగా కొట్టాలి. ఊళ్ళో ప్రతి గులాబీ, ప్రతి బంతి ఒక పెరట్లోంచి ఇంకో పెరట్లోకి ఇలా దొంగదారినే చేరాయి. కొట్టినవాళ్ళూ కొట్టించుకున్నవాళ్ళూ మర్నాడు ఒకే బల్ల మీద కూర్చుని కాఫీ తాగుతారు.

లూస్మిలా కూడా తన చెట్టుని అత్తగారి దగ్గరే కొట్టేసింది. ఇరవై రెండేళ్ళకి అమాబ్లెతో లేచొచ్చి, ఈ ఇంట్లో దిగిన మూడో నెలలో. అత్తగారు దోన్యా పెర్పేతువా పై గట్టు మీద ఉండేది, కోడలంటే గిట్టదు. ఆవిడ పేరుగల పునీతురాలి పండగ రోజున ఇంటినిండా చుట్టాలుండగా కోడలు పెరట్లోకెళ్ళి, కొమ్మ విరిచి, లంగాల మధ్య దోపుకుని, ఏమీ ఎరగనట్టు పంది మాంసం వడ్డించింది. వాసనకి భోజనాల దగ్గరున్నవాళ్ళంతా బల్లల కింద కుక్క కోసం వెతికారు. మర్నాడు సంగతి తెలిసింది. పెద్దావిడ లోయకి అవతల తన గట్టున నుంచుని తొమ్మిది రోజులు తిట్టింది, మధ్యాహ్నం భోజనానికి మాత్రం ఆపి. తొమ్మిదో రోజున కొమ్మకి చిగురొచ్చింది. ఆ తిట్లంత బలమైన ఎరువు ఈ కొండల్లో మళ్ళీ ఎవరూ చూడలేదు.

మొగుడు అమాబ్లె, అంటే దయగలవాడు, పేరుకి తగ్గ మెత్తటివాడు. ముప్ఫై ఏళ్ళు నారంహీయా పళ్ళ పెట్టెలు వీపున మోసి మోసి మోకాళ్ళు పోగొట్టుకున్నాడు. రోజూ సాయంత్రం లూస్మిలా ఆకులు కట్టేది. మిగతా రోజంతా ఆ చెట్టు దగ్గరికి అతన్ని కూడా రానిచ్చేది కాదు.

చెప్పాలంటే తడికుక్క కొంప ముంచింది కూడా ఆ నారంహీయాయే. అదీ అదే వంశం. పుల్లటి పళ్ళకి పట్నంలో గిరాకీ పెరిగి, ఏటవాలు మీది అడవంతా నరికి తోటలేశారు. అడవిలో అక్కడొకటి ఇక్కడొకటి ఉన్న తడికుక్కలు పోయాయి. సొంత చుట్టమే ఇల్లు ఖాళీ చేయించింది. నిరుడు వానలకి పై గట్టు జారి, చనిపోయిన అత్తగారి పెరడు మొత్తం లోయలోకి పోయింది. ఆ తర్వాత ఎవరెంత వెతికినా, తెలిసినంతలో మిగిలిందల్లా లూస్మిలా పొద ఒక్కటే.

ఈ ఏడు మార్చిలో దానికి ఒక పక్క ఆకులు పచ్చబడి రాలడం మొదలైంది. కాండం మొదట్లో నల్లటి మచ్చ, వేలుపెడితే లోపలికి దిగుతోంది. లూస్మిలా బూడిద చల్లింది. సున్నం చల్లింది. అమాబ్లె చేత ఉచ్చ పోయించింది, అదీ దూరంగా నుంచుని పోయమని. చెరకు సారా ఒక గ్లాసు చెట్టుకీ ఒక గ్లాసు తనకీ పోసింది. ఊరికి పేరిచ్చిన పునీతుడు సాన్ ఉబాల్దోకి కొవ్వొత్తి వెలిగించింది. ఆఖరికి తిట్టి చూసింది. మచ్చ జానెడు పైకి పాకింది.

సరిగ్గా అప్పుడే మారియానెలా దిగింది. రాజధానిలో విశ్వవిద్యాలయం, వీపున సంచి, చంకలో వాన తగలకుండా ప్లాస్టిక్ కవర్లో కాగితాల కట్ట. ముప్ఫై దాటని పిల్ల. ఏది అడిగినా "కావచ్చు" అనేది. రెండు రోజుల్లో ఊరంతా ఆమెకి దోన్యా కావచ్చు, అంటే కావచ్చు అమ్మగారు, అని పేరు పెట్టేశారు.

లూస్మిలా వంటింట్లో కూర్చుని ఆ పిల్ల చెప్పుకొచ్చింది. "పన్నెండేళ్ళ కింద మావాళ్ళు ఇక్కడి ఏటవాలు మీద ఒక కొమ్మ కోసి, ఎండబెట్టి తీసుకెళ్ళారు దోన్యా. దాని ఆకురసం వాపు తగ్గించేలా ఉందని ఇప్పుడు మా ప్రయోగశాలలో కొంచెం కనపడింది. గాజుగిన్నెలో కణాల మీద. మనుషుల మీద కాదు. మందు కావచ్చు."

"కావచ్చా? నలభై ఆరేళ్ళుగా ఈయన కాళ్ళ మీద చూస్తున్నా. నీ గిన్నెకి మోకాళ్ళున్నాయా?"

"లేవు దోన్యా."

"మరి దానికేం తెలుసు?"

"ఆయన మోకాలు వేడికి తగ్గిందో ఆకుకి తగ్గిందో మనకి తెలీదు కదా. కాలేయానికి చెడు కూడా చెయ్యొచ్చు. అన్నీ చూడాలి. చూడ్డానికి పచ్చి చెట్టు కావాలి."

"వేడికా!" అంది లూస్మిలా మొగుడి వైపు తిరిగి. "విన్నావా? ఇన్నాళ్ళూ నీ కాళ్ళకి వేడిరాయి కట్టినా సరిపోయేదంట."

అమాబ్లె కాఫీలోకి చూస్తూ, "రాయికి ఈ కంపుండదు కదా" అన్నాడు. ఇంట్లో అతని మాటలన్నీ ఇలాగే కాఫీలోకే పోతాయి.

మారియానెలా పెరట్లోకొచ్చి పొద మొదట్లో మోకాళ్ళ మీద కూర్చుంది. మట్టి తవ్వి చూసింది. కర్నల్ ఆమె సంచి పట్టీ పట్టుకుని లాగుతున్నా పట్టించుకోలేదు. లేచేసరికి మొహం మారిపోయింది.

"వేరుకుళ్ళు దోన్యా. ఇది బతకదు. నెల, మహా అయితే నెలన్నర. పై కొమ్మల్లో ఇంకా పసరుంది. మూడు కొమ్మలు ఇవ్వండి, మా గాజింట్లో పొగమంచు పట్టి పెంచుతాం. ఇదిగో, ఇక్కడ మీరు ఇష్టపూర్వకంగా ఇస్తున్నట్టు సంతకం..."

ఇష్టపూర్వకంగా అన్న మాట దగ్గర లూస్మిలా కాగితం వెనక్కి తోసేసింది. చెట్టు పోతుందని తనకి వారం కిందే తెలుసు. పైకి చెప్పినవాళ్ళు లేరంతే.

"ఇవ్వను."

"దోన్యా, చచ్చిపోతుంది!"

"ఇస్తే రేపే చస్తుంది. నీకు చేతుల్లేవా? నేను అటు తిరిగి గిన్నెలు కడుక్కుం..." అని నాలిక్కరుచుకుంది. ఆ మాట కూడా ఇవ్వడమే. "ఏం లేదు. పో ఇక్కణ్ణించి. నా చెట్టు జోలికొస్తే కాళ్ళు విరగ్గొడతా."

బయట దారిలో పొరుగింటి ఒతీలియా ఆ పిల్లని ఆపి, ఏం చెయ్యాలో విడమరిచి చెప్పింది. మారియానెలా నోరెళ్ళబెట్టింది.

"నేను దొంగతనం చేస్తే నా పరిశోధన అనుమతి పోతుంది అత్తా. సొంతదారు సంతకం లేకుండా ఆకు కూడా కొండ దిగకూడదు. చట్టం."

"ఎందుకొచ్చిందమ్మా అంత దిక్కుమాలిన చట్టం?"

"మా ముందటివాళ్ళు అడక్కుండా పట్టుకుపోయారని."

"పట్టుకుపోయిన మొక్కలు బతికాయా?"

మారియానెలా ఆలోచించింది. అబద్ధం ఆడటం చేతకాని మనిషి. "చాలామటుకు బతికాయి."

"చూశావా మరి!" అంది ఒతీలియా.

అలా ఇరుక్కుంది వ్యవహారం. ఒకావిడ ఇవ్వకూడదు, ఇంకొకావిడ అడక్కుండా తీసుకోకూడదు, మధ్యలో చెట్టు చస్తోంది. లూస్మిలా ముందు మిగిలిన దారి ఒకటే. ఎవడో ఒక దొంగ రావాలి. నలభై ఆరేళ్ళు దొంగల్ని తరిమి తరిమి, ఇప్పుడు దొంగ కోసం దిక్కులు చూస్తోంది.

"ఒతీలియా," అంది కంచె మీంచి. "దొంగ రావాలని లోపల కోరుకుంటే అది ఇచ్చినట్టా?"

ఒతీలియా చిక్కుడుగింజలు ఒలుస్తూ బాగా ఆలోచించింది. "చెట్టుకి మనసులు చదవడం రాదు వదినా. నోటితో ఏమన్నావో అదే వింటుంది."

"నువ్వెందుకు రాకూడదు?"

"అది అడగడం కాదూ? ఇంకా నయం, కొంచెం మెల్లగా అన్నావ్. అయినా నీ చేతి దెబ్బ నేను తిన్నాను, ఎనభై తొమ్మిదిలో. చలికాలం వస్తే ఇప్పటికీ భుజం లాగుతుంది."

"ఆకు కట్టాను కదా ఆ భుజానికి!"

"కట్టావు. నువ్వే కొట్టి నువ్వే కట్టావు."

ఆదివారం పూజ అయ్యాక, కొట్టు ముందు జనం నుంచున్నప్పుడు లూస్మిలా గొంతు చించుకుంది. "రేపు నేనూ ఈయనా కింద క్లినిక్కుకి పోతున్నాం. పొద్దుటి బస్సుకి పోతే సాయంత్రం దాకా రాం. ఇంట్లో పిట్ట కూడా ఉండదు. నా చెట్టు ముట్టుకున్నవాడి చేతులు విరిచి పొయ్యిలో పెడతా, ఆఁ!"

జనం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఇన్నేళ్ళలో లూస్మిలా తను ఎక్కడికి పోతున్నదీ ఎవరికీ చెప్పలేదు. "ఎర వేస్తోంది ముసల్ది" అన్నాడు కొట్టువాడు, ఆవిడ కొంచెం దూరం పోయాక. "గొడ్డలి పట్టుకుని పొదలో కూర్చుంటుంది, చూడండి."

సోమవారం లూస్మిలా కర్నల్ని కోళ్ళగూట్లో పెట్టి మూసింది. గేటు ఓరగా వదిలింది. కంచె ఒక చోట పడిపోయి ఉంటే దాన్ని ఇంకొంచెం పడేసింది. క్లినిక్కులో డాక్టరు అమాబ్లె మోకాళ్ళు నొక్కి చూసి బరువులు మొయ్యొద్దన్నాడు. ముప్ఫై ఏళ్ళు ఆలస్యంగా చెప్పాడు. తిరుగు బస్సులో లూస్మిలా కిటికీకి మొహం ఆనించి, ఎన్ని కొమ్మలు పోయుంటాయా, నాలుగా, అయిదా అని లెక్కలేసుకుంది.

ఇంటికొచ్చేసరికి గేటు వేసి ఉంది. వేసి, కొత్త ఇనపతీగతో మూడు ముళ్ళు వేసి ఉంది. పడిన కంచె దగ్గర ఎవరో రెండు చెక్కలు అడ్డం కొట్టారు. కర్నల్ని గూట్లోంచి తీసి మొక్కజొన్నలు పోశారు. చెట్టు మీద చెయ్యి పడలేదు. పాపం ముసలాళ్ళు తొందర్లో గేటు మర్చిపోయారు అనుకుని ఊరంతా వంతులేసుకుని కాపలా కాసిందట.

లూస్మిలా గేటు దగ్గరే నుంచుని ఊరి మీద విరుచుకుపడింది. "ఈ ఊళ్ళో ఒక్క మగాడు లేడా? ఒక్క ఆడది లేదా? అందరూ ఒక్కరోజే మంచోళ్ళైపోయి చచ్చారా? థూ!"

మేలు చేస్తే ఇదా బహుమానం అని జనం తలుపులేసుకున్నారు.

ఇంకో పది రోజులకి మచ్చ సగం కాండం దాటింది. పచ్చగా ఉన్నవి మూడు కొమ్మలే, అవి కూడా మధ్యాహ్నానికి తలలు వేలాడేస్తున్నాయి. మారియానెలా ఊరి సమావేశాల గదిలో నేల మీద పడుకుంటూ, రోజూ పొద్దున్నే కాగితాల కట్టతో వచ్చి, కంచె అవతల నుంచుని, తిట్లు తిని పోతోంది. లూస్మిలా మిగిలిన ఆకులు ఎవరికీ ఇవ్వడం మానేసింది, అమాబ్లెకి కూడా. ఒక బుధవారం పొద్దున్న అతనికి కాఫీ ఇచ్చింది. గ్లాసు చేతిలో పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళి చెట్టు దగ్గర కూర్చుంది.

అమాబ్లె భయపడ్డాడు. కాపురంలో తిట్టు లేని కాఫీ తాగడం అదే మొదటిసారి. చల్లారేదాకా చేతిలోనే పట్టుకున్నాడు.

పది గంటలవేళ లూస్మిలా చిక్కుడుకాయలు కొయ్యడానికి ఇంటి ముందుకి పోయింది. అమాబ్లె కొడవలి తీసుకుని కుంటుకుంటూ పెరట్లోకెళ్ళాడు. కర్నల్ చూసింది, ఇంట్లోవాడే కదా అని తల తిప్పుకుంది. మూడు కొమ్మలు మూడు దెబ్బలకి కోసి, తల దూర్చి కప్పుకునే పోంచో దుప్పటి కింద పెట్టుకుని, వెనక గేటు తీశాడు. డబ్బాలు గలగలమన్నాయి.

"ఏవయ్యోయ్!" లూస్మిలా ఇంటి మూల తిరిగొచ్చింది. "ఎక్కడికి? పోంచో కింద ఏంటది?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే కుక్క కంపేంటి?"

"వాన పడింది కదా, కుక్క తడిసి..."

"మనకి కుక్క లేదురా ముసలోడా!"

చెట్టు వైపు చూసింది. మూడు కొమ్మల చోట మూడు తెల్లటి కోతలు. ఒక్క క్షణం ఆవిడకి మారియానెలా గుర్తుకు రాలేదు, దొంగ కోసం మొక్కిన మొక్కులు గుర్తుకు రాలేదు. నా ఇంట్లో, నా మొగుడు, నా చెట్టు, అంతే. ఒంటికాలి మీద లేచి గెడకర్ర అందుకుంది.

సాన్ ఉబాల్దో చరిత్రలో అంత నెమ్మదైన తరుముడు ఇంకోటి జరగలేదు. అతనికి మోకాళ్ళు లేవు, ఆవిడకి ఊపిరి లేదు. ముప్ఫై అడుగుల ఎడంతో మొదలై, ఊరి చివర దాకా ముప్ఫై అడుగులే ఉంది. ఎక్కడైనా బురదలో అతని బూటు ఇరుక్కుంటే ఆవిడ అందుకుని ఒకటి అంటించేది, ఆవిడ ఆయాసపడితే అతను తప్పించుకునేవాడు. జనం ఇళ్ళలోంచి బయటికొచ్చి, బల్లలేసుకుని కూర్చున్నారు. "కానీ అమాబ్లె మామా, కానీ!" అని అరిచాడు కొట్టువాడు. "నీకూ ఉందిరా!" అంది లూస్మిలా ఊపిరి అందక.

సమావేశాల గదిలో మారియానెలా సంచి సర్దుకుంటోంది. అమాబ్లె కొమ్మలు బల్ల మీద పడేసి కూలబడ్డాడు. వీపు మీద రెండు చారలు తేలాయి.

"దొంగసరుకు నేను తీసుకోలేను మామా" అంది ఆ పిల్ల. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. చేతులు మాత్రం అప్పటికే తడిగుడ్డ వెతుకుతున్నాయి.

"కాగితం తియ్యి. ఆ పెరడు మా అమ్మ నా పేరున రాసింది. నేలా, నేల మీదున్నదీ అని దస్తావేజులో ఉంది. నేనే సొంతదారుని. ఎక్కడ పెట్టాలి సంతకం?"

చట్టానికి ఇచ్చినట్టు, చెట్టుకి ఎత్తుకొచ్చినట్టు. ఈ ఉపాయం అతని బుర్రలో ఎన్నాళ్ళుగా ఉందో ఎవరికీ తెలీదు, అతన్నెవరూ ఎప్పుడూ ఏదీ అడగలేదు కాబట్టి. సంతకం పెడుతుండగా లూస్మిలా గుమ్మంలోకొచ్చింది, వెనకాల సగం ఊరు.

"నేల నీది, చెట్టు నాది! మీ అమ్మ దగ్గర కొట్టేసింది నేను! తిట్లు తిన్నది నేను!"

మారియానెలా కలం పట్టుకుని ఆగిపోయింది. నిజాయితీ ఒక జబ్బు, ఆ పిల్లకి ముదిరిపోయింది. "దోన్యా, ఇంటివాళ్ళలో ఎవరికైనా అభ్యంతరం ఉంటే నేను తీసుకోకూడదు. ఇక్కడొక గడి ఉంది. మీకు అభ్యంతరం ఉందా, లేదా?"

లూస్మిలా నోరు తెరిచి, అలాగే ఉండిపోయింది. ఉందంటే కొమ్మలు ఈ బల్ల మీదే వాడి చస్తాయి. లేదంటే ఇచ్చినట్టు, అక్కడికెళ్ళి చస్తాయి. ఊరంతా వింటోంది. బల్ల మీది కొమ్మలు కూడా వింటున్నాయి.  

తర్వాత మొగుడి వైపు తిరిగింది. అతని పుట్టుక దగ్గర మొదలుపెట్టింది. అక్కణ్ణించి వాళ్ళ నాన్న, నాన్న తాగుడు, వాళ్ళమ్మ, ఆవిడ వండే సూపు, అతని గురక, పెళ్ళికి వేసుకొచ్చిన అరువు బూట్లు, ఒక్కొక్కటే తీసి ఉతికి ఆరేసింది. మధ్యలో రెండుసార్లు మారియానెలా "దోన్యా, అభ్యంతరం..." అనబోతే వినపడనట్టే సాగించింది. పావుగంట. కన్నీళ్ళు కారుతున్నాయి, గొంతు మాత్రం తగ్గలేదు.

ఒతీలియా వంగి ఆ పిల్ల చెవిలో, "రాసుకోవే పిచ్చిదానా, ఆవిడ అభ్యంతరం మొగుడి మీద" అంది.

మారియానెలా గడిలో అలాగే రాసింది: అభ్యంతరం, భర్త మీద. కొమ్మలు తడిగుడ్డలో చుట్టుకుని, తిట్లు ఇంకా నడుస్తుండగానే, మధ్యాహ్నం బస్సెక్కి పోయింది.

మేలో చెట్టు చచ్చిపోయింది. లూస్మిలా దాన్ని వేళ్ళతో సహా పెకిలించి, కుళ్ళు పక్కకి పాకకుండా కాల్చేసింది. ఆ పొగకి ఊరంతా రెండు రోజులు తడికుక్క వాసన. ఆకుల కోసం వచ్చేవాళ్ళు రావడం మానేశారు. కర్నల్ కరవడానికి ఎవరూ లేక పావురాల వెంట పడుతోంది. లూస్మిలా కంచె దగ్గర నుంచునేది గానీ, ఎవరు కుంటినా పిలిచేది కాదు. అమాబ్లెతో జూన్ దాకా మాట్లాడలేదు. అతను దొంగ కదా. రాత్రిళ్ళు అతని మోకాళ్ళకి వేడిరాయి కట్టేది మాత్రం, మాట్లాడకుండానే.

ఆగస్టులో మారియానెలా వచ్చింది. మూడు కొమ్మల్లో ఒకటి కుళ్ళిపోయిందట, రెండు వేళ్ళు వదిలాయట. ఆకురసం సంగతి ఇంకా తేలలేదట.

"కావచ్చేనా?" అంది లూస్మిలా.

"కావచ్చే దోన్యా. ఇంకో నాలుగైదేళ్ళు పడుతుంది."

ఆ పిల్ల చేతిలో కుండీ ఉంది. కుండీలో జానెడు మొక్క, ఊదారంగు నూగుతో మూడాకులు. లూస్మిలా చేతులు ముందుకొచ్చాయి. వెంటనే వీపు వెనక్కి పెట్టుకుంది. ఆ చేతుల్ని అక్కడ ఆపడానికి ఎంత కష్టపడిందో పళ్ళు కొరకడంలోనే కనిపించింది.

"నాకొద్దు. తీసుకుపో."

"మీకివ్వడానికి ఎవరు తెచ్చారు?" అంది మారియానెలా. "ఇది బడి కోసం. ఆరునెలల్లో నేనూ కొంచెం నేర్చుకున్నా దోన్యా. కిటికీ ఊచల లోపల పెట్టి, గదికి తాళం వేయిస్తా. ముట్టుకుంటే మేష్టారు ఊరుకోరు."

లూస్మిలా ఆ పిల్లని కిందనుంచి పైదాకా చూసింది, ఇప్పుడే పరిచయమైనట్టు.

"ఎలాంటి తాళం?"

"పెద్దది."

గురువారం మధ్యాహ్నం పిల్లల భోజనాల వేళ, అరవై ఎనిమిదేళ్ళ లూస్మిలా బడి కిటికీ రెండు ఊచలు వంచి లోపలికి దూరింది. దూరినంత తేలిగ్గా బయటికి రాలేదు. నడుం దగ్గర ఇరుక్కుంది, సగం లోపల, సగం బయట, చంకలో కుండీ. లౌతారో అనే ఆ మేష్టారు పట్నంవాడు, చీపురు పట్టుకుని వచ్చాడు గానీ పెద్దావిడని ఎలా కొట్టడం అని తటపటాయించాడు.

"ఏం చూస్తావురా, కొట్టు!" అంది లూస్మిలా. "మొక్క వింటోంది!"

మేష్టారు కొట్టాడు. మొదట మొహమాటంగా, తర్వాత ఒతీలియా వచ్చి చూపించాక సరిగ్గా. ఊరంతా పోగై దొంగ, దొంగ అని అరిచింది. ఎనభై తొమ్మిదిలో దెబ్బలు తిన్నవాళ్ళు, తొంభై మూడులో తిన్నవాళ్ళు, అందరూ వచ్చారు, ఎవరూ మొహమాటపడలేదు. లూస్మిలా జాకెట్టు చిరిగింది, మోచెయ్యి గీరుకుంది. కుండీ మాత్రం వదల్లేదు. ఇంటికొచ్చాక మొక్కని పెరట్లో పాత చోటికి దూరంగా, కుళ్ళు చేరని మూల నాటింది.

మూడు వారాలకి నాలుగో ఆకొచ్చింది. అమాబ్లె బెంచీ మీద కాలు చాపుకుని, వాచిన మోకాలి మీద చెయ్యేసుకుని, "ఒక్క ఆకు..." అన్నాడు.

"పది రానీ."

అతను కాఫీలోకి తలూపాడు. తర్వాతి సోమవారం తనే వార్త చెప్పాడు. "ఏమేవ్, ఐదోది విచ్చుకుంది. అడుగున, ఎడమ పక్క. నూగు కూడా పట్టింది."

లూస్మిలా పొయ్యి దగ్గర్నుంచి లేచింది. "అడుగున ఉన్నది నీకెలా కనపడింది? ఎంత దగ్గరికెళ్ళావ్?" అని కర్ర కోసం చుట్టూ చూసింది. అమాబ్లె గ్లాసు కింద పెట్టి, మోకాళ్ళు పట్టుకుని, వీలైనంత తొందరగా లేచాడు.